మూకుట్లోంచి తారులోకి

నేను ఒక మూకుడు నూనెను. మూకుడు నిండా ఉండే నూనెను కాను, రోజూ కొత్త నూనె పైన పోస్తున్నా అడుగున ఎప్పటికీ మిగిలిపోయే నాలుగు వేళ్ళ లోతు నూనెను. నా కథ వినాలంటే కాస్త ముక్కు మూసుకుని కూర్చోండి. నన్ను తలుచుకుంటే నాకే కంపరం. మీకు రాకపోతే అది మీ ఓపిక.

పుట్టుక మాత్రం మంచిదే. ద్వారకా తిరుమల వైపు తోటల్లో, ముళ్ళ మట్టల నడుమ ఎర్రటి పామాయిల్ గెలల్లో పుట్టాను. గెలలు ఉడికించి, పిండి, వడకట్టి, నా ఎరుపూ వాసనా రెండూ తీసేసి, పదిహేను కిలోల రేకు డబ్బాలో పోశారు. డబ్బా మీద ఒక బొమ్మ ఉంది. అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ నవ్వుతూ పూరీలు తింటున్నారు. నా జీవితంలో మర్యాదంటూ ఏదైనా ఉంటే అది ఆ రేకు మీద బొమ్మ వరకే.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దిగగానే నాగభూషణం గారి బజ్జీల కొట్టు ఉండేది. నన్ను అక్కడ దింపారు. నాగభూషణం గారు భక్తిపరుడు. తెల్లారగానే స్నానం చేసి, కొట్లో దేవుడి పటం ముందు దీపం పెట్టేవారు. ఆ దీపానికి నువ్వుల నూనె, అది కూడా ఏ వారానికి ఆ వారం కొత్త సీసా. వాడిన నూనెతో దీపం పెడితే పాపమని ఆయన గట్టి నమ్మకం. దీపం వెలిగించి, చేతులు తుడుచుకుని, పొయ్యి మీద నిన్నటి మూకుట్లో నిన్నటి నూనె వేడెక్కిందో లేదో చూసేవారు. దేవుడికి కడుపులో మంట వస్తుందని భయమేమో గాని, మనుషుల కడుపుల గురించి ఆయనకి ఏ భయమూ ఉండేది కాదు. తన కొట్టు బజ్జీ ఒక్కటి కూడా ఆయన నోట పెట్టుకోగా నేను చూడలేదు.

వేయించే పని సువార్తది. నలభై ఏళ్ళు దాటిన మనిషి. ఇంద్రపాలెం నుంచి నడిచి వచ్చేది. భర్త రొయ్యల చెరువుల కాపలాకని వెళ్ళి అటే ఉండిపోయాడు. ఒక్కతే కూతురు కెజియ, పెద్దాపురంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. సువార్త పదకొండేళ్ళుగా నా వంటి నూనెల ముందు నిలబడుతూనే ఉంది. ముంజేతుల నిండా చిన్న చిన్న కాలిన మచ్చలు. నా పొగ పీల్చీ పీల్చీ గొంతు బొంగురు పోయింది. కానీ పనిమంతురాలు. నూనె కాగిందో లేదో కంటితో చూసేది కాదు, చెవితో వినేది. పిండి బొట్టు ఒకటి వేసి తల ఓ పక్కకి వంచితే చాలు, ఆమెకి తెలిసిపోయేది.

మొదటి రోజు నేను తేనె రంగులో ఉన్నాను. మూడో రోజుకి టీ డికాషన్‌లా అయ్యాను. ఐదో రోజుకి మిరపకాయల గింజలూ, మాడిన శనగపిండీ, ఉల్లిపాయ తొక్కలూ నా అడుగున బురదలా పేరుకున్నాయి. ఏడో రోజుకి నేను నూనెనని చెప్పుకోడానికి సిగ్గేసింది. చెంచాతో ఎత్తితే తీగలా సాగేదాన్ని. కాగకముందే పొగ కక్కేదాన్ని. పునుగు వేస్తే నురగ పొంగి మూకుడు అంచు దాటేది. ఆ నురగలోంచి తీసిన పునుగుల్ని మనుషులు పేపరు ముక్కల మీద అద్దుకుని, ఆ పేపరుకి అంటిన జిడ్డు చూసి ముఖం చిట్లించి, అదే చేత్తో మరో ప్లేటు అడిగేవారు. వాళ్ళ వేళ్ళకి నేను అంటుకుంటే, ఆ వేళ్ళను బెంచీ అంచుకి రాసేవారు. పదకొండేళ్ళుగా రాసీ రాసీ ఆ బెంచీ అంచున నల్లటి పొర ఒకటి కట్టింది. గోటితో గీస్తే మైనంలా లేచేది.

సువార్త ఒకసారి నోరు విప్పింది.

"భూషణంగోరండీ, ఇది పారబోసెయ్యాలండి. నురగొత్తంది సూడండి."

"పైన రెండు కిలోలు కొత్తది పొయ్యి. కలిసిపోద్ది," అన్నారాయన, దేవుడి పటానికి పూలదండ సర్దుతూ.

అలా తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు శనివారం. బుల్లిరాజు వచ్చాడు.

బుల్లిరాజు ఊళ్ళో కొట్లన్నీ తిరిగి మాడిన నూనె కొనుక్కుపోయేవాడు. సబ్బుల వాళ్ళకి ఇస్తానని చెప్పేవాడు. తెల్ల చొక్కా, చేతిలో మంచినీళ్ళ సీసా. ఎక్కడా ఎవరి నీళ్ళూ తాగేవాడు కాదు, తన సీసా తనదే. సువార్త నన్ను పసుపు రంగు ప్లాస్టిక్ క్యానులో పోసింది. పోసేటప్పుడు ఆ క్యాను పొయ్యికి దగ్గరగా పెట్టడంతో ఒక మూల కరిగి అరచెయ్యంత సొట్ట పడింది. "అయ్యో" అనుకుంది. బుల్లిరాజు, "పర్లేదక్కా, కారట్లేదు కదా," అని ఎత్తుకుపోయాడు.

సామర్లకోట దారిలో కాలవ గట్టున అతని షెడ్డు ఉంది. అక్కడ చూసింది చెప్పాలంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఊరంతటి మాడిన నూనెలూ అక్కడ పీపాల్లో కూడుకున్నాయి. చేపలు వేగినవి, కోడి వేగినవి, అట్లపెనం మీంచి గీకినవి. పీపాల మీద మూతల్లేవు. ఒక దాంట్లో ఎలుక పడి, ఉబ్బి, పక్కకి తిరిగి తేలుతోంది. పనివాడు దాన్ని కర్రతో తీసి కాలవలోకి విసిరి, అదే కర్రతో నన్ను కలిపాడు. ఏదో తెల్లమట్టి పోశాడు. ముక్కు మండించే పొడి ఇంకేదో వేశాడు. దోమతెరలో వడకట్టాడు. సాయంత్రానికి నా నలుపు చాలావరకు పోయింది. మళ్ళీ తేనె రంగు వచ్చింది. లోపల మాత్రం నేను నేనే. శవానికి పౌడరు రాసినట్టు.

బుల్లిరాజు నన్ను వెలుతురుకి పెట్టి చూసి, "మొహం కడిగితే సాలు, లోపల ఎవడు సూత్తాడు," అన్నాడు. సీసా మూత తీసి తన నీళ్ళు తాను తాగాడు. నన్ను మళ్ళీ అదే పసుపు క్యానులో పోయించాడు. కొత్త క్యాను కొనడం అతని వంట్లో లేదు.

అక్కణ్ణుంచి నేను సబ్బుల వాళ్ళ దగ్గరికి పోలేదు. పెద్దాపురంలో ఒక ఆడపిల్లల హాస్టలు వంటింట్లోకి పోయాను. విడి నూనె పేరుతో.

ఆదివారం పొద్దున అక్కడ పూరీలు. వంటామె సూరమ్మ ముసలిది, మంచిది. నన్ను మూకుట్లో పోసి, పొంగే నురగ చూసి, "ఈ నూనెకేదో తెగులు," అని గొణిగి, గరిటెతో నురగ పక్కకి తోసి పూరీలు వేసింది. వంద మంది పిల్లలు వరసలో కూర్చుని తిన్నారు. ఒక పిల్ల రెండో పూరీ సగంలో ఆపేసి పెరట్లోకి పరిగెత్తింది. ఆ తర్వాత మరో ఇద్దరు. నాకు వాళ్ళ పేర్లు తెలియవు. వాళ్ళ గొంతుల్లోంచి నేను దిగిన దారీ, తిరిగి ఎక్కిన దారీ మాత్రం తెలుసు. ఆ పరిగెత్తిన పిల్లల్లో మొదటిది కెజియ అని తర్వాత తెలిసింది.

ఆ మధ్యాహ్నమే సువార్త కూతుర్ని చూడ్డానికి వచ్చింది. పిల్ల మంచం మీద ముడుచుకుని పడుకుంది. ముఖం పాలిపోయింది.

"ఏటమ్మా, ఏం తిన్నావు?"

"రెండు వారాలనించీ ఇంతేనమ్మా. పూరీ తిన్నా, ఉప్మా తిన్నా, గొంతులో మంట. మన కొట్టు వాసన వత్తంది."

ఆ మాట వినగానే సువార్త మంచం మీంచి లేచింది. పిల్ల కోసం కాస్త మజ్జిగ అడుగుదామని వంటింట్లోకి వచ్చినట్టు వచ్చింది. మూకుడు మళ్ళీ పొయ్యి ఎక్కి సన్నగా కాగుతోంది. ఆమె తల పక్కకి వంచి నన్ను వింది. తర్వాత వంగి వాసన చూసింది. తర్వాత గోడ వార నిలబెట్టిన పసుపు క్యాను కనబడింది. కరిగి సొట్ట పడిన మూల మీద వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

"వదినా," అంది సూరమ్మతో, "ఇదెక్కణ్ణించి వత్తది?"

"బుల్లిరాజని, ఆరే ఏత్తారు. ఏం?"

"దీన్ని నేనే నింపేను. ఈ సేత్తో."

ఆమె పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి కడిగింది, బూడిద పెట్టి కడిగింది. నేను అంత తేలిగ్గా పోయేదాన్ని కాను. నాకు ఆమె మీద జాలి వేయలేదు, నిజం చెప్పాలి. నా మీద నాకున్న రోత ఇప్పుడు ఆమెకి కూడా అంటింది కదా అనిపించింది.

వార్డెను గారి దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన ఫోను చూసుకుంటూ, "ఊరంతా వాడేదే అదమ్మా. మీ పిల్లకి పడకపోతే తీసుకెళ్ళండి," అన్నారు. సువార్త కూతురి బట్టలు సంచీలో సర్దింది. మళ్ళీ వంటింట్లోకి వచ్చి, చల్లారిన మూకుట్లో మిగిలినదానితో సహా నన్నంతా క్యానులోకి దింపింది. సూరమ్మ అడ్డం రాలేదు. పైగా మూత గట్టిగా బిగించి, చుట్టూ తాడు కట్టి ఇచ్చింది. "రేపు పొద్దున అట్లకి నూనె లేదంటాను. ఏవంటారో ఆరి ఇష్టం," అంది.

బస్సులో కండక్టరు ముక్కు మూసుకున్నాడు. "ఏటిదమ్మా, శవం కంపు?"

"నూనె," అంది సువార్త.

ఆయన నమ్మలేదు. డ్రైవరు పక్కన పెట్టనివ్వకుండా వెనక మెట్ల మీద పెట్టించాడు.

మర్నాడు సోమవారం ఆమె కొట్టుకి వెళ్ళింది, పనికి కాదు. నన్ను ఇంట్లోనే ఉంచింది గాని అక్కడ జరిగింది కూతురికి చెబుతుంటే విన్నాను. నాగభూషణం గారు దీపం వెలిగిస్తున్నారట.

"బుల్లిరాజు సబ్బులోళ్ళకి పొయ్యట్లేదండి. పిల్లలకి పోత్తన్నాడు. మా కెజియ తింది."

ఆయన అగ్గిపుల్ల ఆర్పి, "నేను బుల్లిరాజుకి పోస్తాను. బుల్లిరాజు ఎవరికి పోస్తాడో నాకెందుకు? నీకెందుకు?" అన్నారట.

"మీకు తెలుసండి."

"తెలిసినా తెలవకపోయినా నూనె నూనే. నువ్వెళ్ళి పిండి కలుపు."

పిండి కలపకుండానే వచ్చేసింది. పదకొండేళ్ళ పని. గుమ్మంలో చెప్పులు విప్పి కూర్చుని, చాలాసేపు వాటి మీద మట్టి దులుపుతూనే ఉంది.

ఇక నా సంగతి. మొదట నన్ను మురుక్కాలవలో పారబోద్దామనుకుంది. మూత తీసింది కూడా. కెజియ ఆపింది.

"అది ఉప్పుటేట్లోకే ఎల్తది కదమ్మా. మళ్ళీ చేపలే తింటాయి."

"మరేం సెయ్యమంటావే దీన్ని? ఇంట్లో ఎట్టుకోలేను, ఒకరికియ్యలేను."

మూత మళ్ళీ బిగిస్తుంటే ఆమెకే ఒక మాట గుర్తొచ్చింది. రెండు నెలల కిందట కొట్టుకి ఒకావిడ వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో రోడ్ల పాఠం చెప్పే హైమావతి గారు. వాడి పారేసే నూనె ఉంటే ఇమ్మని, పాత తారు రోడ్డుని తిరగేసి వేయడానికి కావాలని అడిగింది. నాగభూషణం గారు పగలబడి నవ్వారు. "రోడ్డుకి తాలింపు పెడతారా మేడం?" అన్నారు. కొట్లో అందరూ నవ్వారు. సువార్త కూడా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వకుండా తన నంబరు రాసిన కాగితం కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ కాగితంలో సువార్త మర్నాడు వాము కట్టింది.

నంబరు లేకపోయినా కాలేజీ పేరు గుర్తుంది. మంగళవారం ఆటోలో నన్ను తీసుకుని బయల్దేరింది.

కాలేజీ లోపల, క్యాంటీను పక్కన, ఒక నల్లటి రోడ్డు ముక్క ఉంది. సువార్త దాని మీద కాలు పెట్టగానే చెప్పు అతుక్కుపోయింది. ఇంకో అడుగు వేయబోతే కాలు చెప్పులోంచి బయటికి వచ్చేసింది. వంగి చెప్పు లాగితే తారు జిగురులా సాగింది. ఆ రోడ్డు మీద అప్పటికే ఎవరిదో ఒక రబ్బరు చెప్పూ, రెండు పెన్ను మూతలూ, ఒక పిచ్చుక ఈకా అతుక్కుని ఉన్నాయి. పక్కనే నిలబడి ఆ దృశ్యాన్నే చూస్తున్న హైమావతి గారి ముఖంలో ఏడుపూ లేదు, కోపమూ లేదు. చాలా రోజులుగా అదే చూస్తున్న మనిషి ముఖం అది.

"అటు రాకండమ్మా. అది పాడైపోయింది," అందావిడ.

సువార్త చెప్పు అడుగున అంటిన తారుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇందులో నూనె పోశారాండి మీరు?"

"మీకెలా తెలుసు?"

"నేను నాగభూషణంగోరి కొట్లో బజ్జీలు ఏత్తానండి. ఏసేదాన్నండి. ఇది మాడిన నూనె వాసన. మీరు అడిగిందే తెచ్చేను. తీసుకోండి, ఇంకేం అక్కర్లేదు. ఎవరూ తినకుండా ఉంటే సాలు."

హైమావతి గారు ఆమెని ప్రయోగశాలలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఒక మూల కుప్పగా పాత రోడ్ల పెళ్ళలు ఉన్నాయి. ఎండకి ఎండి, వానకి తడిసి, బూడిద రంగుకి తిరిగి, చేత్తో నలిపితే రాలిపోతున్నాయి.

"తారు కొత్తగా ఉన్నప్పుడు మెత్తగా జిడ్డుగా ఉంటుంది," అందావిడ. "ఏళ్ళు గడిచేకొద్దీ ఆ జిడ్డు పోయి పెళుసెక్కుతుంది. అందుకే రోడ్డు పగిలి గుంటలు పడుతుంది. ఆ పెళ్ళల్ని పారేయకుండా, పోయిన జిడ్డు మళ్ళీ కొంచెం చేరిస్తే, అదే తారు మళ్ళీ కంకరని పట్టుకుంటుంది."

"ఎండిపోయిన జుట్టుకి నూనె రాసినట్టాండి?"

"అంతే. నేను ఎక్కువ రాశాను. పైగా ఏదో తేడా జరిగింది. తారు కంకరని వదిలేస్తోంది. ఒక్క అవకాశం ఇంకా ఉంది. అదీ పోతే ఈ పని ఆపేయమన్నారు. మూడేళ్ళ పని."

సువార్త ఆ పెళ్ళలు చూసింది. పక్కనే గాజు సీసాలో ఉన్న నూనె చూసింది. అది హైమావతి గారు ఇంకో హోటలు నుంచి తెచ్చుకున్నది. సువార్త సీసాని వెలుతురుకి పెట్టి కాస్త ఊపింది.

"నీళ్ళు తీశారాండి?"

"నీళ్ళా? అది నూనె కదమ్మా."

"రోజుల తరబడి ఉల్లిపాయా, మిరపకాయా, పిండీ ఏగిన నూనెండి. నీళ్ళు లేకుండా ఎలాగుంటది? అడుగున మడ్డి సూడండి. ఇందులో ఉప్పు కూడా ఉంటదండి. ఇదలాగే పోసేసుంటారు మీరు."

హైమావతి గారు సీసా అందుకుని అడుగు చూసింది. వడపోసింది గాని, నీళ్ళ సంగతి ఆలోచించలేదు. పుస్తకాల్లో ఉన్న నూనె, బజ్జీల మూకుట్లోంచి వచ్చిన నూనె ఒకటి కావని ఆమెకి ఆ క్షణంలోనే తెలిసినట్టుంది. లేచి, అలమారలోంచి ఒక పెద్ద స్టీలు గిన్నె తీసి సువార్త ముందు పెట్టింది.

"మీరు ఎలా చేస్తారో చేసి చూపించండి. నేను రాసుకుంటాను."

నన్ను ఆ గిన్నెలో పోసి సన్న సెగ మీద పెట్టారు. నా లోపల దాక్కున్న నీళ్ళు ఒక్కొక్కటే చిటచిటమంటూ బయటపడ్డాయి. సువార్త తల పక్కకి వంచి వింటోంది. హైమావతి గారు చేతిలో థర్మామీటరు పట్టుకుని నిలబడింది. ఎంత వేడి మీద నీళ్ళు పోతాయో ఆమెకి తెలుసు, కానీ ఎప్పుడు పూర్తిగా పోయాయో ఆ గాజుగొట్టం చెప్పలేకపోయింది. చప్పుడు సన్నగిల్లి, ఆగి, మళ్ళీ ఒకసారి చిటుక్కుమని, పూర్తిగా ఆగింది.

"ఇప్పుడండి," అంది సువార్త.

సెగ ఆపి, రాత్రంతా కదపకుండా ఉంచారు. మర్నాటికి అడుగున నల్ల మడ్డి దిగింది. పైది మాత్రం నిదానంగా వంచి, ఉతికి ఆరేసిన పాత నేత చీర ముక్కలో మూడుసార్లు వడకట్టారు. తర్వాత హైమావతి గారి పని మొదలైంది. నాలో పులుపెంత, చిక్కదనమెంత అని కొలిచింది. పెళ్ళల పొడిలో నన్ను కొద్దికొద్దిగా వేర్వేరు పాళ్ళలో కలిపి, గుండ్రటి దిమ్మలు పోసి, వేడి నీళ్ళలో రోజంతా నానబెట్టి, యంత్రం కింద పెట్టి నలిపింది. ఎక్కువ కలిపినవి జిడ్డోడ్చాయి. తక్కువ కలిపినవి పగిలాయి. నడిమి దిమ్మ నిలబడింది. అదే రెండోసారీ, మూడోసారీ నిలబడింది. అప్పుడు హైమావతి గారు బల్ల మీద తల పెట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. సువార్త పక్కనే నిలబడి ఆమె వీపు మీద చెయ్యి వేయబోయి, తన చేతి జిడ్డు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

రోడ్డు వేసే రోజు. క్యాంటీను పక్కన అతుక్కుపోయే ఆ ముక్కని గీకి తీసేశారు. తారు కలిపే యంత్రం దగ్గర మేస్త్రీ నిలబడి, తాడు కట్టిన క్యానుతో వస్తున్న సువార్తని చూసి నవ్వాడు.

"వంటావిడొచ్చి రోడ్డు కలుపుద్దా?"

"రోడ్డు మీరే కలపండి బాబూ. నూనె ఒక్కటే నాది," అంది సువార్త. కొలిచిన పాత్రలో కొలిచినంతే, ఒక చుక్క ఎక్కువ కాకుండా ఆమే పోసింది.

పాత తారులోకి దిగినప్పుడు ఎలా ఉంటుందో చెప్పాలి. మొదట రోతే. అది ఎన్ని బండ్ల చక్రాల కిందో నలిగి, ఎందరి ఉమ్ములో తాగిన తారు. నాలో ఉల్లి వాసన, దానిలో పెట్రోలు వాసన. కానీ అది ఎంత దాహంగా ఉందంటే, నన్ను ఏమీ అడగలేదు. ఎక్కణ్ణుంచి వచ్చావు, ఎన్ని రోజులు మాడావు అనలేదు. పీల్చుకుంది, అంతే. పెళుసుగా ఉన్నది కదిలింది. కదిలి కంకర రాళ్ళ చుట్టూ చుట్టుకుని పట్టుకుంది. రోలరు రెండుసార్లు మా మీదుగా వెళ్ళింది.

రోహిణీ కార్తె. రోళ్ళు పగిలే ఎండ. మధ్యాహ్నం రెండు గంటలకి కాలేజీ అంతా నీడకి పారిపోతే, ఆ ఇద్దరు ఆడవాళ్ళూ ఒకే గొడుగు కింద నా మీద నిలబడ్డారు. సువార్త మడమతో నొక్కింది. హైమావతి గారు మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి ఆనించింది, కాలి వెనక్కి తీసుకుంది. అరచేతికి ఏమీ అంటలేదు. వారం తర్వాత మళ్ళీ చూశారు. ఏమీ అంటలేదు. ఆషాఢంలో కుండపోతగా వానలు పడి, క్యాంటీను ముందు నీళ్ళు మోకాలి లోతు నిలిచి, రెండు రోజులకి తీశాయి. పక్క రోడ్డు మీద కంకర లేచి చెల్లాచెదురైంది. నేను లేవలేదు. పట్టణం ఇంజనీరు ఒకాయన వచ్చి గొట్టంతో నాలోంచి ఒక ముక్క కోసి తీసుకెళ్ళాడు. ఇంకో రెండు వీధులకి ఇదే కలిపి వేయమని కాగితం వచ్చింది.

ఇక్కడితో కథ ఆపితే మీరు సంతోషంగా లేస్తారు. నాకు అబద్ధం చెప్పాలని లేదు. హైమావతి గారు రాసిన ఫిర్యాదు మీద అధికారులు బుల్లిరాజు షెడ్డుకి తాళం వేశారు. నెల తిరక్కుండా ఇంకో కాలవ గట్టున ఇంకో షెడ్డు లేచింది. నాగభూషణం గారు కొత్త వంటమనిషిని పెట్టుకున్నారు. దీపానికి నువ్వుల నూనె, మూకుట్లో నిన్నటి నూనె. ఆ పెద్దాపురం హాస్టల్లో ఇప్పుడు ఎవరి నూనె వేగుతోందో నాకు తెలియదు. సువార్త సూరమ్మకి చెప్పింది, నురగ వస్తే పారబోసెయ్యమని. సూరమ్మ పారబోస్తుందో లేదో ఆమె ఇష్టం కాదు.

సువార్త ఇప్పుడు కాలేజీ వాళ్ళ పని మీద రోజూ బజ్జీల బండ్ల దగ్గరికి వెళుతుంది. ఓనర్లతో మాట్లాడదు, మూకుడు దగ్గర నిలబడే ఆడవాళ్ళతో మాట్లాడుతుంది. వాళ్ళకి తన చేతుల మచ్చలు చూపిస్తుంది. "మీ పిల్లలు ఎక్కడ తింటన్నారో మీకు తెలుసా? నాకు తెలవలేదు," అంటుంది. ఎనిమిది బండ్లు ఆమె పీపాలోకి పోస్తున్నాయి. మిగిలినవి బుల్లిరాజువే. కెజియ కాకినాడలోనే ఇంకో కాలేజీలో చేరి, ఇంటి నుంచే వెళుతోంది. ఇంట్లో సువార్త వేయించే వంటకం ఏదీ ఉండదు. పిల్ల అడిగినా, ఉడికించి పెడుతుంది.

నేను రోడ్డునయ్యాక మర్యాద పెరిగిందనుకోకండి. క్యాంటీను నుంచి వచ్చే పిల్లలు నా మీద కిళ్ళీ ఉమ్ముతారు. చాయ్ కప్పులు విసిరేస్తారు. సమోసాలు తిన్న చేతులు దులుపుకుంటారు. ఆ చేతుల మీద ఎవరి నూనె ఉందో నాకు వాసన తెలిసిపోతుంది. ఒక్కోసారి అది మా వాళ్ళదే. రోత పోలేదు. మనుషుల దగ్గర ఉన్నంతకాలం పోదు.

ఉదయం ఎండ పడగానే ఒక ఆవు వచ్చి నా మీద పడుకుంటుంది. బస్సు వచ్చి హారను కొట్టినా లేవదు. పది గంటలకి సువార్త పీపా బండి తోసుకుంటూ నా మీదుగా వెళుతుంది. కిందికి చూడదు. చూడాల్సిన పని కూడా లేదు. ఆమె వెళ్ళిపోయాక కాసేపు ఎవరూ రారు. ఎండ బాగా ఉంటుంది. నేను నల్లగా, గట్టిగా, రాళ్ళని పట్టుకుని పడుకుని ఉంటాను. నన్ను ఇంక ఎవరూ తినరు.